కోళ్ల పెంపకంలో ముందున్నాం, మాంసం ప్రాసెసింగ్‌లో ఎందుకు వెనకబడ్డాం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "మాది పీలేరు దగ్గర పల్లె. నాన్న ఇంటిగ్రేషన్ కింద (కోడిపిల్లలు, మేత కంపెనీవి, పెంపకం మాది) బ్రాయిలర్లు పెంచుతారు. ఇన్ని కోళ్లున్న దేశంలో థాయ్‌లాండ్, బ్రెజిల్ లాంటి ప్రాసెసింగ్ పరిశ్రమ ఎందుకు ఎదగలేదు? ఎదగాలంటే ప్రభుత్వం ఏం చేయాలి? చిత్తూరు, తిరుపతి మధ్య రోజుకు రెండు వేల కోళ్ల ప్లాంటు పెడితే నడుస్తుందా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మన దగ్గర ప్రాసెసింగ్ ఎదగకపోవడానికి మిషన్లు లేకపోవడం కారణం కాదు, అప్పు పుట్టకపోవడమూ కాదు. వీధి చివర చికెన్ సెంటర్ భరించని ఖర్చులన్నీ ప్లాంటు భరించాల్సి వస్తోంది. ఇది మొదటి కారణం. కళ్లెదుట కోసిన కోడి మీద కొనేవాళ్లకు ఎంత నమ్మకం ఉందో, ప్యాకెట్ మీద అంత నమ్మకాన్ని మనం ఇంకా సంపాదించలేదు. ఇది రెండోది. ఈ రెండూ అలాగే ఉంచి ఎన్ని ప్లాంట్లకు సబ్సిడీ ఇచ్చినా, అవి సగం కెపాసిటీతో కొన్నాళ్లు నడిచి ఆగిపోతాయి. ఇక మీ ప్లాంటు సంగతి: రెండు వేలతో మొదలుపెట్టొద్దు. ఎందుకో చివర్లో వివరంగా రాస్తాను.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను. తర్వాత ఉద్యోగమంతా మాంసం ప్లాంట్లలో, క్వాలిటీ వైపే గడిచింది. ఎక్కువకాలం కోళ్లు, కొంతకాలం గొర్రెలు, మేకలు, మధ్యలో ఎగుమతి గేదె మాంసం. ఇప్పుడు తిరుపతిలోనే ఉంటూ చిన్న యూనిట్లకు సలహాలిస్తున్నాను. కింద రాసేదంతా ఆ పనిలో చూసిందే.

పెంపకంలో మనం ఎవరికీ తీసిపోం. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు అన్నీ కలిపి 85 కోట్లకు పైనే. అందులో తమిళనాడు తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌దే రెండో స్థానం, దాదాపు 10.8 కోట్లు. గొర్రెల్లో తెలంగాణ తర్వాత మనమే. దేశంలో ఏటా తయారయ్యే మాంసం ఇప్పుడు కోటి టన్నుల దరిదాపుల్లో ఉంది. అందులో సుమారు సగం కోడి మాంసమే. మీ నాన్నగారి షెడ్డులో నలభై రోజుల్లో రెండు కిలోలు తూగే కోడి, ఏ దేశపు ఫామ్‌తోనైనా పోటీకి నిలబడుతుంది. అంటే లోటు షెడ్డులో లేదు. ఫామ్ గేటు దాటాక వంటగదికి చేరేదాకా ఉన్న దారిలో ఉంది.

ఆ దారిలో చికెన్ సెంటర్ లెక్క ఒకసారి చూడండి. ఒక షట్టర్, ఒక మొద్దు, రెండు కత్తులు, ఈకలు పీకే చిన్న మిషన్, ఒక డ్రమ్ము, ఇద్దరు మనుషులు. చల్లబరచడం లేదు కాబట్టి కరెంటు ఖర్చు దాదాపు లేదు. అమ్ముడుపోని కోడి బతికే ఉంటుంది, రేపు అమ్ముకోవచ్చు. ఒక రకంగా ఆ బతికున్న కోడే వాళ్ల ఫ్రిజ్. డాక్టరు పరీక్ష లేదు. రక్తం, కడిగిన నీళ్లు కాలువలోకి పోతాయి. పేగులు, తలలు, ఈకలు సాయంత్రం ఎవరో డ్రమ్ముల్లో తీసుకుపోతారు. అవి ఎక్కడికి పోతాయో మనందరికీ తెలుసు: కొంత ఊరి బయట గుంతల్లోకి, కొంత రాత్రిపూట వ్యాన్లలో చేపల చెరువులకు. అధికారులు ఎన్నిసార్లు పట్టుకున్నా ఆ వ్యాపారం ఆగలేదు.

ఇప్పుడు అదే కోడిని ప్లాంటులో కోస్తే? రెండు కిలోల బ్రాయిలర్‌ను చర్మంతో డ్రెస్ చేస్తే (ఈకలు, తల, పేగులు తీసి శుభ్రం చేస్తే) సుమారు 1.45 కిలోలు వస్తుంది. స్కిన్‌లెస్ అయితే ఇంకా తక్కువ. ఫామ్ రేటు కిలో 100 రూపాయలనుకుంటే, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే చర్మంతో ఉన్న మాంసం మనకు కిలో 138 పడింది. దాని మీద జీతాలు, కరెంటు, జనరేటర్ డీజిల్, ప్యాకింగ్, కోడికి 15 నుంచి 20 లీటర్ల నీళ్లు, ఆ నీళ్లు శుద్ధి చేసే ఈటీపీ, చల్లటి బండి, అంగడి వాళ్ల కమీషన్ అన్నీ ఎక్కాలి. రోజుకు వెయ్యి కోళ్లు కోస్తే అర టన్నుకు పైగా వ్యర్థం. దాన్ని చట్టప్రకారం వదిలించుకోవడానికి మళ్లీ డబ్బు కట్టాలి.

చికెన్ సెంటర్ వాళ్లు మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. చాలామంది పొద్దున నాలుగింటికే లేచి కష్టపడే మనుషులు. వాళ్లు కట్టని ఖర్చును ఊరు కడుతోంది. దుర్వాసన, కుక్కల బెడద, కాలువలు, రోగాల రూపంలో కడుతోంది. ఆ ఖర్చు కోడి ధరలో కనిపించదు కాబట్టి ప్యాకెట్ ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తుంది. దేశంలో ఈ పరిశ్రమ గురించి మాట్లాడే ఎవరైనా ముందు ఈ లెక్క ఒప్పుకోవాలి.

రెండోది నమ్మకం. మన వాళ్లు ముందు కోడిని ఎంచుకుంటారు, రెక్క ఎత్తి చూస్తారు, ఎదురుగా కోయించుకుంటారు. "ఇది పాత అలవాటు, జనానికి అవగాహన లేదు" అని సెమినార్లలో అంటుంటారు. నేను ఒప్పుకోను. గ్యారంటీ ఇచ్చే వ్యవస్థ ఏదీ లేనప్పుడు, బతికున్న కోడిని కంటితో చూసి కొనడమే తెలివైన పద్ధతి. చచ్చిన కోడిని అమ్మలేదని, కోడి హుషారుగా ఉందని వాళ్లకు తెలిసేది అలాగే. అలాంటప్పుడు ఆ కంటి పరీక్షను వదులుకోమనాలంటే, దానికి బదులు మనం ఏం ఇస్తున్నాం?

ఇవ్వాల్సింది డాక్టరు పరీక్ష. కోతకు ముందు ఒకసారి, కోసిన తర్వాత ఒకసారి. జంతువధశాలల మీద 2001లో వచ్చిన కేంద్ర నిబంధనలు పశువుల విషయంలో ఒక వెటర్నరీ డాక్టరు గంటకు 12, రోజుకు 96 కన్నా ఎక్కువ చూడకూడదన్నాయి. కోతకు ముందు పశువుకు 24 గంటల విశ్రాంతి ఇవ్వాలన్నాయి. రూలు చక్కగా ఉంది. కానీ ఎన్ని మున్సిపాలిటీల్లో కబేళాకు పూర్తికాలం డాక్టరు ఉన్నారు? ఆదివారం పొద్దున మన ఊళ్లలో మటన్ అంగళ్ల ముందు తలకిందులుగా వేలాడే పొట్టేళ్లలో ఎన్నింటి మీద నిజమైన ముద్ర ఉంటుంది? ముద్రకు విలువ లేకపోతే ప్యాకెట్ మీద లేబుల్‌కూ విలువ ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి: పరీక్ష చేసే డాక్టరుకు జీతం ప్లాంటు యజమాని ఇవ్వకూడదు. "ఈ బ్యాచ్ పక్కన పెట్టండి" అని చెప్పాల్సిన మనిషి, నెల తిరిగేసరికి అదే యజమాని దగ్గర జీతం తీసుకుంటే ఎంత గట్టిగా చెప్పగలరు? ఆ ఒత్తిడి నేను దగ్గరగా చూశాను. ప్లాంటు ఫీజు కట్టాలి, జీతం ప్రభుత్వం నుంచి రావాలి.

ఇక చల్లదనం. నా వృత్తంతా దీని చుట్టూనే తిరిగింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

కోడిని కోసిన క్షణంలో మాంసం వేడి 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని లోపలి దాకా 4 డిగ్రీలకు తేవాలి, ఎంత త్వరగా తెస్తే అంత మంచిది. అనుకూలమైన వేడిలో కొన్ని బ్యాక్టీరియాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ మీకు తెలిసిందే. గది వేడిమి నలభై దాటిన రోజున బల్ల మీద గంటసేపు ఉన్న మాంసం చూడటానికి తాజాగానే ఉంటుంది, లోపల కథ మారిపోయి ఉంటుంది. 0 నుంచి 4 డిగ్రీల మధ్య తెగకుండా ఉంచితే మామూలు ప్యాకింగ్‌లో మూడు నుంచి ఐదు రోజులు నిలుస్తుంది. మైనస్ 18లో నెలల తరబడి నిలుస్తుంది. "తెగకుండా" అన్న మాట దగ్గరే మనవాళ్లు ఓడిపోతున్నారు.

ఒక ఉదాహరణ. ఒక చిన్న యూనిట్ తిరుపతిలోని ఒక హోటల్‌కు రోజూ చికెన్ పంపేది. ఎండాకాలంలో వారానికోసారైనా గొడవ: సాయంత్రానికి వాసన వస్తోందని హోటల్, మా దగ్గర బాగానే ఉందని యూనిట్. పెట్టెలో వేడిమి నమోదు చేసే చిన్న పరికరం పెట్టి పంపమన్నాను. యూనిట్‌లో మాంసం 3 డిగ్రీలు. బండిలో 5. హోటల్‌కు చేరాక స్టోర్ కీపర్ వచ్చి తూకం వేసుకునేదాకా వంటగది వెనక గోడ పక్కన నిలబడిపోయింది, అక్కడ గీత నిట్టనిలువుగా పైకి లేచింది. తప్పు మాంసానిది కాదు, చేతులు మారే ఆ కాసేపటిది. తర్వాత ఒప్పందంలో ఒక వాక్యం చేర్చారు: తీసుకునేటప్పుడే థర్మామీటర్ గుచ్చి, అంకె రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. గొడవలు అక్కడితో ఆగాయి. కోల్డ్ చెయిన్ (కోత నుంచి వంటగది దాకా తెగని చల్లదనం) అనగానే కోట్ల రూపాయల కోల్డ్ స్టోరేజీలు గుర్తొస్తాయి. నిజానికి అది తెగేది ఇలాంటి చోట్లే.

పాల విషయంలో మన జిల్లా ఈ సమస్యను దాటేసింది. పల్లెల్లో పాలు చల్లబరిచే కేంద్రాలు వచ్చాకే చిత్తూరు పాలు దూర నగరాలకు పోగలిగాయి. ముందు చల్లదనం పల్లెదాకా వచ్చింది, పెద్ద డెయిరీలు దాని మీద నిలబడ్డాయి. మాంసంలో మనం ఆ వరుసను తిరగేసి, ముందు ఫ్యాక్టరీ కట్టి తర్వాత బండి కోసం వెతుకుతున్నాం.

మీరు పెంపకందారుల ఇంటి నుంచి వచ్చారు కాబట్టి ఇంకో మాట. ప్రాసెసింగ్ మొదలయ్యేది షెడ్డులోనే. కోతకు 8 నుంచి 12 గంటల ముందు మేత ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. మేత ఆపకపోతే పేగులు నిండుగా ఉండి, తీసేటప్పుడు తెగి, మలం మాంసానికి అంటుతుంది. సాల్మొనెల్లా అనే రోగాల బ్యాక్టీరియా చేరేది అలాగే. మరీ ఎక్కువసేపు ఆపినా పేగు గోడలు పలచబడి తెగుతాయి. కానీ మీ నాన్నగారికి గ్రోయింగ్ చార్జీలు (పెంపకం కూలి) లిఫ్టింగ్ తూకం, అంటే కోళ్లను ఎత్తేటప్పటి తూకం మీద వస్తాయి. మేత ఆపితే తూకం తగ్గుతుంది. ఆ నష్టం ఆయనెందుకు భరించాలి? ప్లాంటుకు వెళ్లే బ్యాచ్‌కు ఆ తేడాను ఒప్పందంలోనే కలిపి ఇస్తే తప్ప రైతు మేత ఆపడు, ఆపాలని అడగడం న్యాయమూ కాదు. మందుల సంగతీ అంతే. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019 జులైలో కేంద్రం ఆహార జంతువుల్లో నిషేధించింది. మిగతా మందులకు, చివరి డోసు తర్వాత కోతకు ముందు ఆగాల్సిన రోజులుంటాయి. ఆ రికార్డు షెడ్డు గోడ మీద లేకపోతే ప్లాంటులో ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా ఆ కోడి ఎగుమతికి పనికిరాదు.

కోడిలో మనం తినే భాగం ఒక్కటే అమ్మి ఏ ప్లాంటూ బతకలేదు. పరిశ్రమ ఎదిగిన దేశాల్లో కోడి మొత్తం అమ్ముడుపోతుంది. అమెరికాలో రొమ్ము మాంసానికి గిరాకీ, కాళ్లు చవక. ఆ చవక కాళ్లను మన దేశానికి పంపాలనే పట్టుదలతోనే వాళ్లు ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లారు, 2015లో అప్పీలులోనూ తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. చైనాలో పాదాలకు మంచి ధర. మన దగ్గర లెగ్ పీస్‌కు, బిర్యానీ ముక్కకు గిరాకీ. లివర్, కందనకాయ ఎలాగూ పోతాయి. ఇక ఈకలు, రక్తం, పేగులు, తలలు రెండరింగ్‌కు వెళ్లాలి. అంటే ఆవిరి మీద ఉడికించి, కొవ్వు వేరు చేసి, మిగిలింది పొడి చేయడం. ఆ పొడి పెంపుడు జంతువుల ఆహారంలోకి పోతుంది, కొవ్వుకు వేరే గిరాకీ ఉంది. అయితే రెండరింగ్‌కు రోజూ టన్నుల్లో సరుకు కావాలి. వెయ్యి కోళ్ల ప్లాంటు ఒంటరిగా పెట్టుకోలేదు. జిల్లాకొకటి ఉమ్మడిగా పెట్టి, చికెన్ సెంటర్ల వ్యర్థం కూడా చల్లటి బండ్లలో అక్కడికే తెచ్చే ఏర్పాటు చేస్తే ఊళ్లు శుభ్రపడతాయి, ప్లాంట్లకూ ఊపిరి ఆడుతుంది. నన్ను ఒక్క పని అడిగితే ముందు ఇదే చేయమంటాను. కొత్త కోత ప్లాంటుకు రిబ్బన్ కట్ చేయడం కన్నా దీనివల్ల ఎక్కువ మేలు.

థాయ్‌లాండ్ గురించి అడిగారు. వాళ్ల కథలో మనకు పనికొచ్చే ఘట్టం 2004. అప్పటిదాకా వాళ్లు జపాన్‌కు, యూరప్‌కు ఎక్కువగా పచ్చి చికెన్ గడ్డకట్టించి పంపేవాళ్లు. ఆ ఏడాది జనవరిలో బర్డ్ ఫ్లూ బయటపడగానే కొన్న దేశాలన్నీ తలుపులు మూసేశాయి. వాళ్లు వండిన చికెన్ వైపు మళ్లారు. బర్డ్ ఫ్లూ వైరస్ 70 డిగ్రీల వేడికి చచ్చిపోతుంది కాబట్టి ఉడికించిన మాంసానికి ఆ అడ్డంకి లేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2012లో యూరప్ పచ్చి మాంసానికి మళ్లీ అనుమతిచ్చేసరికి, వాళ్లు వండిన మాంసం ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్నారు.

మనకూ అలాంటి దెబ్బలు తగులుతూనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. మన దగ్గర ఒక్క కేసు లేకపోయినా భయంతో జనం చికెన్ మానేశారు. లైవ్ కోడి తప్ప ఇంకో రూపం లేని మార్కెట్ ఇలాగే రాత్రికి రాత్రి కుప్పకూలుతుంది. ఆ వారాల్లోనూ పుత్తూరు వైపు నాకు తెలిసిన ఒక మహిళా గ్రూపు చికెన్ పచ్చడి అమ్మకాలు పెద్దగా తగ్గలేదు. నూనెలో బాగా వేయించిన సరుకు, సీసా మీద లైసెన్స్ నంబరు, తేదీ ఉన్నాయి. జనం ధైర్యంగా కొన్నారు.

మన దేశంలోనే గెలిచిన ఉదాహరణ కూడా ఉంది: గేదె మాంసం. గాలికుంటు (పశువుల నోటికి, గిట్టలకు వచ్చే అంటురోగం) ఉన్న దేశం నుంచి మాంసం కొనడానికి ఎవరైనా వెనకాడతారు. దానికి మనం కనిపెట్టుకున్న దారి, ఎముకలు తీసేయడం, గ్రంథులు తీసేయడం, కోత తర్వాత చల్లటి గదిలో 24 గంటలు ఉంచి మాంసం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 కన్నా కిందికి దిగేలా చూడడం. ఆ ఆమ్లత్వంలో గాలికుంటు వైరస్ బతకదు. ఈ నియమాన్ని ఎగుమతి ప్లాంట్లన్నీ పాటించాయి, ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ పంపలేరు. రోగం ఉందని ఒప్పుకుని, దాని చుట్టూ పద్ధతి కట్టారు. ఆ ప్లాంట్లలో రోజూ ఉదయం మొదటి పని పీహెచ్ మీటర్‌తో గదులు తిరగడం. అంకె రాకపోతే ఆ లాట్ కదలదు, ఎవరు చెప్పినా కదలదు. కోళ్లలోనూ ఇదే దారి మొదలైంది. బయోసెక్యూరిటీ (రోగం లోపలికి రాకుండా చూసే ఏర్పాట్లు) కట్టుదిట్టంగా ఉన్న ఫామ్‌లను బర్డ్ ఫ్లూ లేని ప్రత్యేక విభాగాలుగా మన దేశం ప్రకటించగా, 2023లో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. తమిళనాడు, మహారాష్ట్ర లాంటి రాష్ట్రాల ఫామ్‌లు ఆ మొదటి జాబితాలో ఉన్నాయి. చెన్నై, కృష్ణపట్నం ఓడరేవులు ఇంత దగ్గరగా ఉన్న మన రెండు జిల్లాల్లోని పెద్ద ఫామ్‌లు ఆ ప్రమాణాన్ని అందుకోవాలన్నది నా కోరిక.

కాబట్టి ప్రభుత్వం ఏం చేయాలన్న మీ ప్రశ్నకు నా వరుస ఇది. ముందు వ్యర్థాల సేకరణ, ఉమ్మడి రెండరింగ్. దానితోపాటే స్వతంత్ర డాక్టర్ల పరీక్ష. తర్వాత పట్టణానికొక చల్లటి పంపిణీ కేంద్రం. ఇవన్నీ కుదిరాకే కోత ప్లాంట్లకు డబ్బు. చికెన్ సెంటర్లను మూయించడం ఈ వరుసలో ఎక్కడా లేదు. వాటిని చల్లటి మాంసం అమ్మే అంగళ్లుగా మార్చాలి. చిత్తూరు టౌన్‌లో ఒకాయన అలా మారడం నేను చూశాను. అద్దాల చిల్లర్ ఒకటి కొని, ప్లాంటు నుంచి డ్రెస్డ్ కోళ్లు తెప్పించారు. మొదట్లో ఇళ్లవాళ్లు ముట్టుకోలేదు. ఆయన తొందరపడకుండా పక్కన లైవ్ కోళ్లు కూడా ఉంచారు. ముందు హాస్టళ్ల వాళ్లు, బిర్యానీ పాయింట్ల వాళ్లు వచ్చారు. ఆదివారం క్యూలో నిలబడే ఓపిక లేనివాళ్లు తర్వాత వచ్చారు. ఇప్పుడు లైవ్ అమ్మకం పండగలకే. పనివాళ్లెవరూ పోలేదు, కోసేవాళ్లే ఇప్పుడు ముక్కలు కొట్టి ప్యాక్ చేస్తున్నారు.

మటన్ గురించి రెండు మాటలే. అక్కడ సమస్య ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. కోళ్లలా ఒకేచోట ఒకే వయసు జీవాలు దొరకవు, వారపు సంతల్లో పది ఇళ్ల జీవాలు కలిసి వస్తాయి. 2019లో మొదలైన గాలికుంటు, బ్రూసెల్లా రోగాల నివారణ కార్యక్రమం గట్టిగా సాగి, సంత దగ్గరే పరీక్ష, ట్యాగు అలవాటైతే తప్ప గొర్రె మాంసంలో పెద్ద ప్లాంట్ల గురించి మాట్లాడటం తొందరపాటు. అప్పటిదాకా ప్రతి మున్సిపాలిటీకి ఒక శుభ్రమైన చిన్న కబేళా చాలు.

ఇప్పుడు మీ ప్లాంటు. 2011 ఆహార భద్రత లైసెన్సింగ్ నిబంధనల్లో రోజుకు 50 కోళ్ల దాకా రిజిస్ట్రేషన్, అది దాటి 1000 దాకా రాష్ట్ర లైసెన్స్, ఆపైన కేంద్ర లైసెన్స్. రెండు వేలతో మొదలుపెడితే కేంద్ర లైసెన్స్ స్థాయి బాధ్యతలన్నీ మీద పడతాయి, సొంత రెండరింగ్ పెట్టుకునేంత సరుకు మాత్రం ఉండదు. మధ్యలో ఇరుక్కుంటారు. మొదట రోజుకు మూడు, నాలుగు వందల కోళ్లు, వెయ్యికి పెంచుకునే వీలున్న స్థలం, అంతే. కోత లైను మామూలుది చాలు. డబ్బు చిల్లర్ మీద, నీళ్ల శుద్ధి మీద, ఒక మంచి రీఫర్ (చల్లటి) బండి మీద పెట్టండి.

కొనేవాళ్లు ఎవరో రాతపూర్వకంగా తెలిశాకే స్థలం చూడండి. తిరుపతిలో యూనివర్సిటీలు, ఐఐటీ, ఐసర్, లెక్కలేనన్ని ప్రైవేటు కాలేజీల హాస్టళ్లు ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది ఒకే సైజు ముక్క, నెలంతా ఒకే ధర, టైముకు డెలివరీ. చికెన్ సెంటర్ ఈ మూడూ ఇవ్వలేదు, మీరు ఇవ్వగలరు. కానీ ఫామ్ రేటు రోజూ మారుతుంటే నెలంతా ఒకే ధర ఎలా? ఇక్కడే క్యాలెండర్ చూసుకోవాలి. శ్రావణం, కార్తీకం, అయ్యప్ప మాలల కాలం అన్నిచోట్లా ఉన్నదే. మన వైపు, తమిళ సరిహద్దు కాబట్టి, పెరటాసి నెల కూడా ఉంది. సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా చిత్తూరు, పుత్తూరు, నగరి, అటు వేలూరు, చెన్నై దాకా ఎన్నో ఇళ్లలో మాంసం వండరు. షెడ్లలో కోళ్లు మాత్రం పెరిగిపోయి ఉంటాయి, రేటు పడుతుంది. ఆ నెలలో కొని, బ్లాస్ట్ ఫ్రీజర్‌లో వేగంగా గడ్డకట్టించి నిల్వ పెట్టగలిగిన ప్లాంటు తర్వాతి నెలల్లో హాస్టళ్లకు మాట తప్పకుండా ధర నిలుపుకోగలదు. అయితే నిల్వకు వడ్డీ, కరెంటు లెక్క వేయండి. రేటు కొద్దిగా తగ్గినప్పుడల్లా నిల్వ పెడితే కిట్టదు. గంగ జాతర, కనుమ లాంటి రోజులకు మాత్రం ఫ్రీజర్ సరుకు మీద ఆధారపడొద్దు. ఆ రోజుల్లో జనం తాజాదే అడుగుతారు.

స్థలం విషయంలో ఒక హెచ్చరిక. రేణిగుంట వైపు రోడ్డు బాగుందని చాలామంది అటే చూస్తున్నారు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో జంతువధ మీద, వ్యర్థాలు పడేయడం మీద విమానయాన నిబంధనల ఆంక్షలున్నాయి. గద్దలు విమానాలకు తగిలితే ప్రాణాలు పోతాయి కాబట్టి ఆ రూలు సరైనదే. స్థలానికి అడ్వాన్స్ ఇచ్చేముందు ఈ దూరం కొలవండి. అలాగే చెరువులకు ఎగువన, తిరుమలకు నడిచివెళ్లే భక్తుల దారుల పక్కన వద్దు. చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోదు, ఊరి అభిప్రాయానికి విలువ ఇవ్వాలి కూడా. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, పంచాయతీ తీర్మానం చేతికి వచ్చాకే పునాది తీయండి.

అప్పు కోసం 2020లో కేంద్రం పెట్టిన పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధిలో మాంసం ప్రాసెసింగ్ కూడా ఉంది, వడ్డీలో 3 శాతం రాయితీ. పచ్చడి, మసాలా కలిపిన చికెన్ లాంటి చిన్న యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. దరఖాస్తుకు ముందు ఈ పథకాలు ఇంకా నడుస్తున్నాయో లేదో, తాజా షరతులేమిటో బ్యాంకులో కనుక్కోండి. ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసేవాళ్లు చూపించే లాభాల పట్టికలో ఒక్క గడి చూడండి: కెపాసిటీ వినియోగం. మొదటి ఏడాదే 80 శాతం అని రాసి ఉంటే ఆ రిపోర్టు పక్కన పెట్టి, 40 శాతంతో మళ్లీ లెక్క వేయించండి. నలభైతో కిస్తీ కట్టగలిగితేనే ముందుకెళ్లండి.

ట్రైనింగ్‌కు హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. చిన్న యూనిట్ల వాళ్లకు కోత నుంచి నగ్గెట్స్, సాసేజ్‌ల తయారీ దాకా చేతులతో చేయించి నేర్పుతారు. ఇక్కడే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వెటర్నరీ యూనివర్సిటీలో మాంసం సైన్స్ విభాగం ఉంది, ముందు అక్కడికి వెళ్లి మాట్లాడండి. నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. మేత ఆపడం, మందుల రికార్డు గురించి ఆయన అడిగే ప్రశ్నలు మీకు తట్టవు.

వెళ్లేముందు మూడు సంగతులు రాసి ఇక్కడే పెట్టండి: మీ చుట్టుపక్కల ఏ హాస్టల్, ఏ హోటల్ వారానికి ఎన్ని కిలోలు కొంటుందో, చూసిన స్థలంలో బోరు నీళ్లు వేసవిలో ఎంత ఇస్తాయో, అక్కడి నుంచి రోజువారీ వ్యర్థం ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారో. అవి చూశాక చిల్లర్ ఎంత సైజు కావాలో లెక్క వేసి చెబుతాను.